అంజప్ప తన గోడకు తానే పెట్టిన కన్నం

గుడియాత్తంలో ఎవరింట పెళ్ళి జరిగినా అంజప్ప మేస్త్రి ముందు పైకి చూస్తాడు. చూసేది పందిరి అలంకరణ అనుకునేరు. భోజనాల హాలు పైకప్పులో ఎక్కడైనా చెమ్మ మరక ఉందేమోనని. ఉందా, ఇక ఆ పూట పక్కన కూర్చున్నవాడి పని అయిపోయినట్టే. ఆ స్లాబును ఎన్నాళ్ళు తడిపి ఉంటారు, నీళ్ళు పోయే గొట్టం దగ్గర వాలు ఎందుకు తప్పింది, అన్నీ చెబుతాడు. పక్కవాడు రసం కూడా పోయించుకోకుండా లేచిపోతే ఇటువైపు ఇంకొకడు ఉంటాడు గనుక మాట ఆగదు. చివరికి వచ్చే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే. ముప్పై ఏళ్ళలో తను వేసిన మిద్దె ఒక్కటి కూడా కారలేదు.

గొప్పలు చెప్పుకుంటాడని నవ్వుకోవచ్చు గాని, ఆ గొప్ప వెనక సంగతి తెలిస్తే నవ్వు తగ్గుతుంది. అంజప్ప పుట్టింది వేలూరులో ఎవరిదో మూడంతస్తుల ఇల్లు లేస్తుండగా, ఆ ఇంటి ముందు వేసుకున్న రేకుల పాకలో. తండ్రి పాపన్ ఎక్కడ పునాది తవ్వితే కుటుంబం అక్కడ. ఆ ఇంటివాళ్ళు పాలు పొంగించే రోజుకు వీళ్ళ పాక విప్పి బండికెక్కించేవాళ్ళు. వానాకాలం అంటే అతనికి గుర్తున్నది పాకలో వరసగా పెట్టిన గిన్నెల చప్పుడే. ఇంట్లో తెలుగు, పని దగ్గర అరవం. చదివిన మూడేళ్ళూ అరవ బడి కావడంతో తెలుగు అక్షరం ఈనాటికీ కూడబలుక్కోలేడు. తాపీ మాత్రం మీసం రాకముందే చేతికి లొంగింది.

ఆఖరికి మోర్ధానా రోడ్డు వైపు ఊరి చివర సొంతంగా రెండు గదుల మిద్దె వేసుకున్నాడు. మొదటి వాన పడిన రోజు పని మానేసి, మంచం మీద వెల్లకిలా పడుకుని, సాయంత్రం దాకా పైకప్పునే చూస్తూ గడిపాడు. "పెళ్ళైన కొత్తలో నన్ను గూడా అంతసేపు చూళ్ళేదు ఈయన" అని అతని భార్య చిత్ర ఇప్పటికీ వచ్చినవాళ్ళకు చెబుతుంది.

చిత్ర అతని పక్కనే ఇరవై రెండేళ్ళు సిమెంటు తట్ట మోసింది. రెండేళ్ళ కిందట కాట్పాడి దగ్గర ఒక కట్టడంలో గోడ పనికి కట్టిన కర్రల సారవ మీద నుంచి జారి పడింది. వెన్నుపూస ఒకటి నలిగింది. నాలుగు నెలలు మంచంలో ఉంది. లేచి నడిచాక డాక్టరు ఒకే ఒక్క మాట చెప్పాడు, ఇక తల మీద బరువు పెట్టకూడదని. పెడితే మళ్ళీ లేచి నడుస్తుందని తాను మాట ఇవ్వలేనన్నాడు. అప్పటి నుంచి అంజప్ప పని దగ్గర ఏ ఆడమనిషి తల మీద తట్ట చూసినా ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

ఉత్త చేతులతో కూర్చునే మనిషి కాదు చిత్ర. కావేరిపాక్కంలో నర్సరీ నడిపే సుమిత దగ్గర ఆరు నెలలు ఉండి వంగ అంట్లు కట్టడం నేర్చుకుంది. ఈ వైపు రైతులకు ముళ్ళ వంకాయ అంటే ప్రాణం. కాని నీళ్ళు పారే పొలాల్లో ఎండు తెగులు వచ్చి, కాపు పట్టే వేళకు మొక్క నిలువునా వాడిపోతుంది. వంగ జాతిదే అయిన అడవి ఉస్తి మొక్క వేరుకు ఆ తెగులు అంత తేలిగ్గా అంటదు. అందుకని లేత ఉస్తి మొక్కను మొదలు మీద ఏటవాలుగా కోసి, దాని మీద అంతే లావున్న వంగ చిగురు నిలిపి, రెండూ అతుక్కునేదాకా చిన్న క్లిప్పు పెడతారు. కూర్చుని చేసే పని. వేళ్ళు ఆడితే చాలు, వెన్ను వంగక్కర్లేదు. సగం జీవితం సిమెంటులో నానిన ఆ వేళ్ళు అంత సన్నపు పని చేస్తుంటే అంజప్ప పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోవడం మరిచిపోయి చూసేవాడు.

మోర్ధానా కాలవ కింద సాగు చేసే రంగరాజులు ఒకసారి వచ్చి ఆ అంట్లు చూసి, సంక్రాంతితో మొదలయ్యే తై నెలాఖరుకు రెండెకరాలకు సరిపడా కావాలన్నాడు. చిత్రకు వచ్చిన మొదటి పెద్ద బేరం అది. చలికాలంలో మబ్బులూ మంచూ. అంట్లకు చాలినంత వెలుతురు ఉండదు, ఇంటి లోపల లైట్ల కింద పెంచుకోవాలి. అందుకు చిత్ర అడిగింది ఒక గది. తెల్లదోమ మాత్రం దూరకూడదంది.

అంజప్పకు అంతమాట చాలు. దోమ దూరకూడదంటే గాలి కూడా దూరని గది ఇంటి పక్కనే కట్టి పెట్టాడు. కిటికీ లేదు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ. గోడలకు లోపలా బయటా పూత, పూత మీద నీరు పట్టని మందు, నెత్తిన కాంక్రీటు స్లాబు, దాని మీద టైల్సు. లోపల నాలుగు వరసల ఇనప అరలు, అరకు రెండేసి ఎల్ఈడీ లైట్లు. పని ముగిసిన రోజు ఫోను లోపల పెట్టి, తలుపు మూసి, చిత్ర చేత రింగు ఇప్పించాడు. బయటికి వినబడలేదని తెగ మురిసిపోయాడు.

దీపావళి అయ్యాక పెట్టిన మొదటి విడత అంట్లు పన్నెండో రోజుకు పోయాయి. పొద్దున తలుపు తీస్తే పైకప్పు నిండా నీటి బొట్లు, టపటపమని ట్రేల మీద పడుతున్నాయి. వాటిలో మట్టికి బదులు వేసిన కొబ్బరిపొట్టు ముద్దయిపోయింది. మొదళ్ళు నల్లబడి మొక్కలు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. నారుకుళ్ళు. చిత్ర వంగి మొక్కలను చూస్తోంది. అంజప్ప తలెత్తి స్లాబును చూస్తున్నాడు. బయట మూడు రోజులుగా ముసురు.

"మిద్దె కారతా ఉండాది" అన్నాడు, ఎవరో పోయారని కబురు చెప్పినట్టు.

ఆ వారం అతను పనికి పోలేదు. టైల్సు పీకి, కింద పొర మళ్ళీ వేసి, మందు రెండు పూతలు పూసి, తిరిగి పరిచాడు. ఆ సరుకు గుడియాత్తంలో కొంటే అంగడివాడు ఏ మిద్దెకని అడుగుతాడు. అందుకని బస్సెక్కి పేర్ణాంబట్టు పోయి, తననెరుగని అంగట్లో కొని, గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. దొంగసొత్తు కూడా ఇంత జాగ్రత్తగా ఎవరూ తేరు.

కార్తీక దీపాలు వెళ్ళాక రెండో విడత పెట్టారు. అప్పటికి వానలు వెనకబట్టాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా తెల్లారేసరికి పైకప్పు బొట్లు కట్టేది. స్లాబు పొట్టలో పాత నీళ్ళు మిగిలి ఉన్నాయన్నాడు అంజప్ప. కరెంటు తీగ వచ్చే చిన్న రంధ్రం ఒకటి మిగిలితే దాన్ని కూడా సిమెంటు పెట్టి మూసేశాడు. ఆ మర్నాటి నుంచి బొట్లు ఇంకా లావయ్యాయి. మార్గళి, అంటే ధనుర్మాసం, మొదట్లో రెండో విడత కూడా కుళ్ళిపోయింది.

చిత్ర ఏడవలేదు. ట్రేలు ఒక్కొక్కటే దిబ్బలో బోర్లించి, కడిగి ఎండలో పెట్టి వచ్చి కూర్చుంది.

"ఇంకొక్క విడతకే ఉస్తి మొక్కలు మిగిలుండాయి మామా. మళ్ళా విత్తనం పోస్తే అంటుకు రావాలంటే రెండు నెల్లు. ఇదీ పోతే నేను దీన్ని ఇడిసిపెడతా. తైలో నీ జతలో పనికి వస్తా. జయరామ్‌కు ఫోన్ చేసి చెప్పేసినా."

"డాక్టరు ఏం చెప్పినాడు నీకు?"

"ఇసక జల్లించేదానికే. తట్ట ఎత్తను."

జయరామ్ వేలూరులో స్లాబు పనులు గుత్తకు పట్టే మనిషి. స్లాబు వేసే రోజున ఇసక జల్లించే ఆడమనిషి తల మీదికి తట్ట ఎక్కకుండా ఉండే కట్టడం ఈ భూమ్మీద లేదని అంజప్పకూ తెలుసు, చిత్రకూ తెలుసు. ఆమె పడిన రోజు సారవ కింద ఇసుకలో ఆమె కళ్ళు తెరిచి, పలక్కుండా పడి ఉండడం అతనికి గుర్తొచ్చింది. భయం వేసింది. ఈసారి ఏం చేసైనా ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకోవాలనుకున్నాడు.

మిద్దె కారుతుందో లేదో తేల్చడానికి మేస్త్రీల దగ్గర ఒక పద్ధతి ఉంది. నీళ్ళు పోయే గొట్టానికి గుడ్డ కుక్కి, మిద్దె మీద బెత్తెడు నీళ్ళు కట్టి మూడు రోజులు నిలబెడతారు. కారేదైతే దాచుకోలేదు. అంజప్ప దానికి రెండు సొంత తెలివులు కలిపాడు. నీళ్ళ పక్కనే ఒక బకెట్టు నిండా నీళ్ళు పెట్టాడు, ఎండకు ఎంత ఆవిరైపోతుందో తెలియడానికి. కట్టిన నీళ్ళలో బట్టలకు వేసే నీలం కలిపాడు. కింద గదిలో, ఖాళీ ట్రేల మీదా ఉస్తి మొక్కల పక్కనా తన తెల్ల పంచె చింపి పరిచాడు. పై నీళ్ళు దిగితే గుడ్డ మీద నీలం పడక తప్పదు.

మూడో రోజు పొద్దున గది తలుపు తీస్తే ఎన్నడూ లేనంతగా కారుతోంది. అంజప్ప బయటికి పరుగెత్తాడు. నిచ్చెనెక్కి చూస్తే బకెట్టులో ఎంత తగ్గిందో మిద్దె మీదా అంతే తగ్గింది, వెంట్రుక వాసి తేడా లేదు. దిగి వచ్చి పంచె ముక్క తీశాడు. తడిసి ముద్దయి ఉంది, తెల్లగానే ఉంది. నమ్మకం చాలక స్టీలు గ్లాసులోకి పిండి, ఎండలోకి తీసుకుపోయి చూశాడు. గ్లాసు అడుగున గీత కూడా కనబడుతోంది.

"చిత్రా, ఇట్లా రా. నీలం లేదు చూడు" అన్నాడు. "నా మిద్దె కారలేదు. వాన పడినప్పుడూ కారలేదు, ఇప్పుడూ కారలేదు." భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నెల రోజులుగా తలెత్తుకోలేని మనిషి మరి.

చిత్ర గ్లాసు వైపు చూసింది, అతని వైపు చూసింది.

"నీ మిద్దె బాగుండాది. సంతోషం. నా మొక్కల సంగతేంది?"

 ఇన్నాళ్ళూ ఆ గదిలో తాను పైకి తప్ప కిందికి చూడలేదని అంజప్పకు అప్పుడు తట్టి, సిగ్గనిపించింది. గ్లాసు గట్టు మీద పెట్టి ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"రోజుకు ఎన్ని నీళ్ళు పోస్తావు?" అని అడిగాడు.

"రెండు బిందెలు."

"అవి యాడికి పోతాయి?"

"పోయే దోవ యాడ పెట్టినావు నువ్వు?" అంది చిత్ర. "అంటు కట్టినాక వారం దినాలు ప్లాస్టిక్ కప్పుతా కదా, దానికి లోపలంతా చెమట పడతాది. మొక్క తాగిన నీళ్ళు ఆకులోంచి గాలికి ఇడుస్తాదని సుమితక్క చెప్పింది. ఇన్ని వేల ఆకులు ఇడిసే తేమ. ఈ గదినే ఒక ప్లాస్టిక్ గుడారం చేసి పెట్టినావు మామా. పైన చల్లగా ఉండాది, లోపల వెచ్చగా ఉండాది, చెమట పట్టకుండా ఏం చేస్తాది?"

అంజప్పకు చిన్నప్పటి పాక గుర్తొచ్చింది. మార్గళి పొద్దుల్లో వాన లేకుండానే రేకుల పాక కారేది. ముఖం మీద బొట్టు పడి లేచేవాళ్ళు. అమ్మ పొయ్యి ముట్టించే ముందు రేకు కింది ఇటుకలు రెండు లాగేసేది, చలిగాలి వస్తోందని నాయన విసుక్కునేవాడు. ఇటుకలు తీసిన రోజు రేకు కారేది కాదు. ఇది అతనికి చిన్నప్పుడే తెలుసు. తను వేసిన కాంక్రీటు కూడా ఆ రేకు చేసిన పనే చేస్తుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు. పైగా మూడు రోజులు మిద్దె మీద నీళ్ళు కట్టి, స్లాబును ఇంకాస్త చల్లబరిచి, తానే ఎక్కువగా కారించాడు.

గొట్టంలో గుడ్డ లాగేశాడు. నీలం నీళ్ళు సందులోకి పారి పక్కింటి చౌడేశ్వరమ్మ మార్గళి ముగ్గును తుడిచి నీలంగా చేసేశాయి. ఆమె అరగంట తిట్టింది. అంజప్ప నవ్వు ముఖంతో నిలబడి తిట్లన్నీ తిన్నాడు.

ఉలీ సుత్తీ తీసుకున్నాడు గాని, గోడ ముందు నిలబడితే చెయ్యి లేవలేదు. ఇద్దరు మనుషులు మూడు రోజులు పామి పామి తేల్చిన పూత అది. చిత్ర సుద్దముక్కతో తూర్పు గోడకు కింద ఒక చదరం గీసింది, పడమటి గోడకు పైన ఒకటి గీసింది.

"బయట మంచు కదమే. ఆ తేమ గాలి లోపలికొస్తే ఇంకా తడుస్తాది" అన్నాడు ఆఖరి ప్రయత్నంగా.

"కొట్టి చూడు మామా. సుమితక్క ఇచ్చిన తేమ మీటరు ఉండాది కదా, అదే చెప్తాది."

కొట్టాడు. మొదటి దెబ్బ తగలాల్సినంత గట్టిగా తగల్లేదు, రెండోది తగిలింది. కింది కన్నానికి దోమ దూరని సన్నని వల రెండు పొరలు బిగించాడు. పై కన్నంలో గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టాడు. తను అద్దంలా తేల్చిన పైకప్పుకు అడుగున థర్మోకోల్ పలకలు అతికించాడు, వెచ్చటి గాలి చల్లటి కాంక్రీటును తాకకుండా. ఆ చిన్న మీటరు అప్పటి దాకా తొంభై అయిదు శాతం దగ్గర కదలకుండా ఉండేది. ఫ్యాను తిరిగిన పూటకల్లా అది డెబ్బైకి దిగింది. బయటి చల్లగాలి లోపలికి వచ్చి లైట్ల వేడికి ఆరి, గదిలో తేమను మోసుకుని పోతోంది. అంజప్ప మీటరును రెండుసార్లు తట్టి చూసి ఒప్పుకున్నాడు.

మిగతాది చిత్ర నోటుబుక్కు చెప్పింది. ఆమె తెలుగు మాటలనే అరవ అక్షరాల్లో రాసుకుంటుంది. లైట్లు ఆర్పిన గంటకు బొట్లు మొదలవుతాయని, తెల్లవారుజామున ఎక్కువని అందులో వరసగా రాసి ఉంది. అందుకని వేళలు తిరగేసింది. లైట్లు పొద్దుగూకాక వేసి, ఎండ వచ్చాక ఆర్పడం. చలి ముదిరే వేళకు లోపల వెచ్చగా ఉంటుంది. లైట్లు ఆరాక కూడా ఫ్యాను రెండు గంటలు తిరగాలి. ఆకుల మీద నీళ్ళు చల్లడం మానేసి ట్రే అడుగు నుంచే పెట్టడం. కొత్త అంట్లకు కావలసిన తేమ వాటి మీద కప్పిన ప్లాస్టిక్ కిందే ఉంటుంది, గది నిండా ఎందుకు?

చివరి విడత అలా మొదలయింది. అంజప్ప రోజూ కాఫీ తాగకముందే స్టూలెక్కి పైకప్పుకు అరచెయ్యి ఆనించేవాడు. చెయ్యి పొడిగా వచ్చేది. అయినా నమ్మేవాడు కాదు. ఎనిమిదో రోజు చిత్ర ప్లాస్టిక్ కాస్త తెరిచింది, పదో రోజు పూర్తిగా తీసేసింది. పన్నెండో రోజు పొద్దున, ముందటి రెండు విడతలూ వాలిన రోజు, ఇద్దరూ తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడి అప్పుడు తీశారు.

మొక్కలన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. మొదళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. చిత్ర ఒక అంటును క్లిప్పు తీసి, చిగురు పట్టుకుని మెల్లగా లాగింది. రాలేదు. ఇంకొకటి లాగింది.

"పట్టినాయి మామా" అంది. ఆ మాటతో ఆమె గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది. నెల రోజుల తరవాత మొదటిసారి ఏడ్చింది. అంజప్ప స్టూలు మీదే కూర్చుండిపోయాడు. గుండె మీద నుంచి ఎవరో ఇసుక మూట దించినట్టు ఉంది అతనికి. లేచి పోయి ఇద్దరికీ కాఫీ పెట్టాడు. చక్కెర రెండుసార్లు వేశాడు. చిత్ర అలాగే తాగేసింది.

తై నెలలో రంగరాజులు వ్యాను తీసుకుని వచ్చాడు. ఒక మొక్కను ట్రేలోంచి పైకి లాగి తెల్లటి వేళ్ళు చూశాడు, అతుకు దగ్గర గోరుతో తట్టాడు.

"గట్టి చెయ్యమ్మా నీది. నా బావమరిదికి గూడా కావాలంట, ఉగాది పోయినాక చిత్తిరలో నాటుకుంటాడు" అన్నాడు. తరవాత గోడ వైపు చూసి, "ఏం అంజప్పా, కొత్త గోడకు అప్పుడే కన్నం పెట్టినావు. కొలత తప్పినాదా?" అన్నాడు.

రెండు నెలల కిందట అయితే ఆ మాటకు అంజప్ప వారం రోజులు అన్నం తినడు. ఇప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని కన్నం దగ్గరికి తీసుకుపోయాడు. గది అన్నాక ఊపిరి పీల్చాలన్నాడు, కింద నుంచి గాలి ఎందుకు రావాలో, పై నుంచి ఎందుకు పోవాలో, నీలం కలిపిన నీళ్ళతో సహా మొదటి నుంచీ చెప్పాడు. వ్యాను డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. రంగరాజులు ఎలాగో చెయ్యి విడిపించుకుని బండెక్కాడు.

బండి మలుపు తిరుగుతుండగా అంజప్ప ఫోను మోగింది. వేలూరు నుంచి జయరామ్.

"అన్నా, సోమవారం స్లాబు ఉండాది. ఆడోళ్ళు తక్కువ పడినారు. అక్క తైలో వస్తానని చెప్పి ఉన్నింది కదా, నీ జతలో తోడుకొని రా."

అంజప్ప వెనక్కి తిరిగి చూశాడు. ఖాళీ అయిన గదిలో చిత్ర అప్పుడే కుర్చీ వేసుకుని, నడుము నిటారుగా పెట్టుకుని, కొత్త ట్రేలో ఉస్తి విత్తనాలు ఒక్కొక్క గుంటలో వేస్తోంది.

"ఆమె రాదప్పా" అన్నాడు. "ఇంక రాదు. తట్టకు వేరే మనిషిని చూసుకో."

"ఏమన్నా, ఒళ్ళు బాగలేదా అక్కకు?"

"బాగుండాది నాయనా. బాగానే ఉండాది" అన్నాడు అంజప్ప. "ఆమెకు పనుండాది."